‘కమ్మని పాలు’: దేశాన్ని బట్టి మారే పాల రుచి – కారణాల పరిశీలన

వ్యాససంగ్రహం:

పాల రుచి దేశానికొక తీరుగా ఉంటుందన్నది ప్రవాసాంధ్రుల సంభాషణల్లో తరచూ వినిపించే మాట. పశుజాతి, మేత, కాచే పద్ధతి, కొవ్వును సరిచేసే చట్టనియమాలు ఈ భేదానికి కారణాలు. వీటిలో వేడి పాత్ర ప్రధానమైనదనీ, తెలుగువారు ‘కమ్మదనం’ అని పిలిచే గుణం చాలావరకు కాగిన గేదెపాల గుణమనీ, దానిని స్వచ్ఛతకు గుర్తుగా తీసుకోవడం పొరపాటనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాలు, రుచి, కమ్మదనం, పాశ్చరీకరణ, మేత, పాడి పదజాలం.

1. ఉపోద్ఘాతం:

చదువుకోసమో ఉద్యోగంకోసమో విదేశానికి వెళ్లిన తెలుగువారు మొదటి వారంలోనే చెప్పే ఫిర్యాదులలో పాలది ఒకటి. “ఇక్కడి పాలకు రుచి లేదు”, “నీళ్లలా ఉన్నాయి”, “ఏదో వాసన వస్తోంది” అంటారు. అక్కడ పుట్టి సెలవులకు మన ఊరికి వచ్చిన పిల్లలు ఇక్కడి పాలను ముక్కు మూసుకుని తాగడం, మీగడ తేలితే గ్లాసు పక్కన పెట్టేయడం కూడా చూస్తూనే ఉంటాం. ఇద్దరి ఫిర్యాదూ నిజమే. అయితే ఇద్దరూ తమకు అలవాటైన ఒక రకం పాలనే ‘పాలు’ అనుకుంటున్నారు. మిగిలినవన్నీ వారికి లోపం ఉన్న పాలుగా తోస్తున్నాయి.

తెలుగులో పాలను మెచ్చుకోవడానికి వాడే మాట ‘కమ్మన’. ఇది తీపికి పర్యాయపదం కాదు. పాలలోని సహజమైన చక్కెర లాక్టోజు. దాని తీపి మామూలు పంచదార తీపిలో దాదాపు ఐదో వంతు మాత్రమే. నెయ్యి కమ్మగా ఉంటుంది, పులవని పెరుగు కమ్మగా ఉంటుంది, వేయించిన పప్పు వాసన కమ్మగా ఉంటుంది. ఈ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కొవ్వుకూ వేడికీ సంబంధించిన సువాసన, పులుపు లేకపోవడం అనే రెండు అంశాలు ఈ పదంలో కలిసి ఉన్నట్లు తెలుస్తుంది. రుచిని చెప్పే ఈ మాటలోనే పొయ్యి ఉంది. పాల రుచిలోని దేశభేదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ గమనిక ఆధారమవుతుంది.

2. ఏ పశువు పాలు?

కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. పేరు ఏదైనా తెలుగువారి ఇళ్లలో కాఫీకీ పెరుగుకూ ఎక్కువగా వాడుతూ వచ్చినవి దాని పాలే. భారతదేశంలో ఉత్పత్తయ్యే పాలలో గేదెపాల వాటా సగానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. పాకిస్తాన్‌లో అది సగానికి మించుతుంది. ఐరోపా, అమెరికా ఖండాలలో గేదెపాలను తాగేవారు అరుదు. ఇటలీలోని కంపానియా ప్రాంతంలో గేదెలు ఉన్నా ఆ పాలు మోజరెల్లా అనే జున్నుగడ్డకే పోతాయి. అక్కడ ‘పాలు’ అంటే ఆవుపాలు. ఆవులలో కూడా ఎక్కువగా కనిపించేది నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ జాతి. దాని పాలలో కొవ్వు సుమారు 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. జెర్సీ ఆవుపాలలో అది 5 శాతానికి దగ్గరగా, గేదెపాలలో 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. కొవ్వు నాలుకను పూతలా కప్పుతుంది, వాసన అణువులను తనలో నిలుపుకొని మెల్లగా విడుస్తుంది. మనవారు ‘నీళ్లలా ఉన్నాయి’ అన్నప్పుడు వారు తూస్తున్నది నీటిని కాదు, కొవ్వు లేమిని.

రంగు మరో సంగతి. పచ్చిగడ్డిలోని కెరోటిన్‌ను ఆవు కొంతవరకు అలాగే పాలలోకి వదులుతుంది. గేదె దానిని విటమిన్ ‘ఎ’గా మార్చేస్తుంది. అందువల్ల ఆవుపాలు పసుపు ఛాయలో, గేదెపాలు స్వచ్ఛమైన తెలుపులో ఉంటాయి.

ఇతర పశువుల పాల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. గుర్రపు పాలలో కొవ్వు 2 శాతానికి లోపే, లాక్టోజు 6 శాతానికి పైనే. అవి పలుచగా, తియ్యగా ఉంటాయి. మంగోలియాలో వాటిని పులియబెట్టి ‘ఐరగ్’ అనే పానీయం చేస్తారు. మేకపాల ప్రత్యేక వాసనకు కారణమైన కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే కొవ్వు ఆమ్లాల పేర్లు లాటిన్ భాషలో మేకను తెలిపే మాటనుంచి వచ్చాయి. రసాయనశాస్త్రం కూడా ఒక్కోసారి వాసన పట్టి పేరు పెడుతుందన్నమాట.

3. మేత, పాడి దశ:

పశువు తిన్నదాని వాసన దాని నెమరుపొట్టనుంచీ ఊపిరితిత్తులనుంచీ రక్తంలోకి, రక్తంనుంచి పాలలోకి చేరుతుంది. పితికే ముందు ఉల్లి, వెల్లుల్లి జాతి మొక్కలు మేసిన పశువు పాలలో ఆ వాసన పట్టుకోవడం పాడిరైతులందరికీ అనుభవమే. న్యూజీలాండ్‌లో ఆవులు ఏడాదిలో ఎక్కువకాలం బయట రైగ్రాస్, క్లోవర్ మేస్తాయి. ఆ మేతవల్ల పాలలో స్కాటోల్, ఇండోల్ అనే పదార్థాలు స్వల్పంగా చేరుతాయి. అవి అక్కడివారికి సహజంగా తోస్తాయి, ఆ పాలపొడిని దిగుమతి చేసుకునే దేశాలలో కొందరికి కొట్టపు వాసనలా తోస్తాయి. అమెరికాలోని పెద్ద పాడిశాలలలో పాతరమేత, అంటే గాలి చొరకుండా పులియబెట్టిన మొక్కజొన్న మేత, దాణా కలిపి ఏడాదంతా ఒకే తీరుగా పెడతారు. పాలు కూడా ఏడాదంతా ఒకే తీరుగా ఉంటాయి.

ఫ్రాన్సులో కోంతే జున్నుగడ్డకు పాలిచ్చే ఆవులకు పాతరమేత పెట్టకూడదన్న నియమం ఉంది. ఆస్ట్రియాలో పచ్చిగడ్డి, ఎండుగడ్డి ప్రధానంగా మేసే ఆవుల పాలకు ‘హాయ్‌మిల్ష్’, అనగా ఎండుగడ్డి పాలు, అన్న పేరుతో 2016లో ఐరోపా సమాఖ్య గుర్తింపు లభించింది. మేతనుబట్టి పాలకు పేరు పెట్టడం మనకు కొత్తగా అనిపిస్తుంది. మన భాషలో పాలకు పేరు పాడి దశనుబట్టి వస్తుంది. ఈనిన వెంటనే వచ్చేవి ముర్రుపాలు, వాటితో వండేది జున్ను. పొదుగు వెచ్చదనం పోనివి గుమ్మపాలు. వట్టిపోయే దశకు వచ్చిన ముదురు పాడిలో లాక్టోజు తగ్గి క్లోరైడు పెరుగుతుంది, అందుకే ఆ పాలు కాస్త ఉప్పదనంతో ఉంటాయి. వందల ఆవుల పాలు ఒకే తొట్టిలో కలిసే చోట ఈ భేదాలేవీ నాలుకకు అందవు.

4. వేడి:

దేశభేదానికి అతిముఖ్యమైన కారణం ఇక్కడ ఉంది. పచ్చిపాలకు వాసన చాలా తక్కువ. పాలు కాగేకొద్దీ రుచి పుడుతుంది. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దాటాక విరుగుడు తేటలో ఉండే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రొటీను ముడి విప్పుకుని, అందులోని గంధకపు భాగాలు బయటపడతాయి. అతిస్వల్పంగా పుట్టే హైడ్రోజన్ సల్ఫైడువంటి పదార్థాలు ‘కాగిన వాసన’నిస్తాయి. ఇంకా కాచితే కొవ్వునుంచి లాక్టోనులు పుట్టి కొబ్బరిని తలపించే కమ్మదనం వస్తుంది. మరీ కాచితే లాక్టోజు, ప్రొటీను కలిసి గోధుమరంగు తేలి కోవా వాసన వస్తుంది. ఒకే గిన్నెలోని పాలు పొయ్యిమీద గంటలో మూడు నాలుగు రుచులు మారతాయి.

అమెరికా, బ్రిటన్ దేశాలలో దుకాణంలో దొరికే మామూలు పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి చల్లారుస్తారు. అంటే కాగిన వాసన మొదలయ్యే గడపదాకా వచ్చి ఆగిపోయిన పాలు అవి. వాటిని కాచకుండా, చల్లగా తాగుతారు. ఫ్రాన్సు, స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో అమ్ముడయ్యే పాలలో అత్యధికభాగం యు.హెచ్.టి. పాలు. వీటిని 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లపాటు వేడిచేసి, సూక్ష్మజీవులు చేరని పెట్టెలలో నింపుతారు. వీటిని నెలల తరబడి బయట ఉంచవచ్చు. గంధకపు వాసన మొదటి రోజుల్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది, నిల్వ ఉన్నకొద్దీ పాతవాసన మొదలవుతుంది. లండన్‌నుంచి పారిస్‌కు రైలులో రెండున్నర గంటలలోపే ప్రయాణం. ఆ దూరంలోనే పాల రుచి మారిపోవడానికి ఆవులకంటే ఈ ఉష్ణోగ్రతే ఎక్కువ కారణం.

జపాన్ ఉదాహరణ మరింత ఆసక్తికరం. అక్కడ పాలు చల్లటి అరలోనే అమ్ముతారు, కానీ వాటిలో ఎక్కువభాగం 120–130 డిగ్రీల దగ్గర రెండు మూడు సెకన్లు వేడిచేసినవి. ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపు వేడిచేశారో డబ్బామీద అచ్చువేస్తారు. అందువల్ల జపానువారికి అలవాటైన పాల రుచిలో కాగిన వాసన ఒక భాగం. 63–65 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచిన పాలు అక్కడ ప్రత్యేక సరుకుగా ఎక్కువ ధరకు అమ్ముడవుతాయి.

మన ఇంటికి వచ్చే పాకెట్టు పాలు డెయిరీలో ఒకసారి పాశ్చరీకరణ పొందినవే. అయినా వాటిని మనం పొంగేదాకా కాస్తాం, సాయంత్రం మళ్లీ కాస్తాం. ఆరోగ్యదృష్టితో ఇది అనవసరమని వాదించేవారున్నారు. రుచి దృష్టితో మాత్రం ఈ రెండో కాపే మన ‘పాలు’. పూర్వం పల్లెలలో దాలిగుంటలో పిడకల నిప్పుమీద, కుండలో పాలు పూటంతా సన్నగా కాగేవి. ఎర్రగా తిరిగి, మందపాటి మీగడ కట్టి, కాస్త పొగవాసనతో ఉండే ఆ పాల రుచిని మా అమ్మమ్మగారింట నేనెరుగుదును. పొగ అక్కడ దోషం కాదు. కెన్యాలోని కాలెన్జిన్ ప్రజలు ‘ముర్సిక్’ అనే పులిసిన పాలకోసం సొరబుర్ర లోపలి గోడలకు కాల్చిన కొమ్మల బొగ్గు పూస్తారు. పొగను, బొగ్గును రుచిగా స్వీకరించిన జాతులు మనమొక్కరమే కామని ఇది తెలుపుతుంది.

5. చట్టం, యంత్రం:

పూర్వవిద్యార్థిని ఒకరు టెక్సస్‌నుంచి కాలిఫోర్నియాకు మారాక “ఇక్కడి పాలు మన పాలకు కాస్త దగ్గరగా ఉన్నాయండీ” అని రాశారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న చోటికి చేరిన సంతోషమే అలా అనిపించిందని మొదట అనుకున్నాను. తర్వాత నియమాలు చూస్తే ఆమె నాలుకే గెలిచింది. అమెరికా సమాఖ్య ప్రమాణం ప్రకారం పూర్తి పాలలో కనీసం 3.25 శాతం కొవ్వు, 8.25 శాతం కొవ్వేతర ఘనపదార్థాలు ఉండాలి. కాలిఫోర్నియా రాష్ట్రం 3.5, 8.7 శాతాలు కోరుతుంది. 2 శాతం కొవ్వు పాలలోనైతే కొవ్వేతర ఘనపదార్థాలు అక్కడ 10 శాతం ఉండాలి. ఒకే దేశంలో, ఒకే జాతి ఆవుల పాలు, చట్టం మారితే చిక్కదనం మారుతుంది.

మన దేశంలో టోన్డ్ పాలకు 3 శాతం కొవ్వు, 8.5 శాతం కొవ్వేతర ఘనపదార్థాలు, ఫుల్ క్రీమ్ పాలకు 6, 9 శాతాలు ప్రమాణం. చిక్కటి గేదెపాలలో వెన్న తీసిన పాలపొడి, నీరు కలిపి ఎక్కువమందికి అందేలా చేసే టోన్డ్ పాల పద్ధతి 1940లలో బొంబాయిలో రూపొందింది. వేసవిలో గేదెల పాడి తగ్గినప్పుడు డెయిరీలు పాలపొడిని నీటిలో కలిపి లోటు పూడ్చుకుంటాయి. ‘ఎండాకాలం పాకెట్టు పాలు బాగుండవు’ అన్న గృహిణుల మాటకు ఇదొక ఆధారం. గేదెపాలతో పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు అంటున్న కాలంలో ఆణంద్‌లో హెచ్.ఎం. దలాయా దానిని సాధించారు. 1955లో అక్కడ కర్మాగారం మొదలైంది.

1899లో ఫ్రాన్సుకు చెందిన ఓగ్యుస్త్ గోలాఁ పేటెంటు పొందిన యంత్రం కొవ్వు గోళాలను సన్నటి రంధ్రంగుండా ఒత్తిడితో పంపి చితకగొడుతుంది. హోమోజనైజేషన్ అనే ఈ పద్ధతిలో గోళాలు ఒక మైక్రాన్‌కంటే చిన్నవైపోయి పైకి తేలవు. పాలు తెల్లగా, నునుపుగా ఉంటాయి, మీగడ సరిగా కట్టదు. విదేశంలో మీగడకోసం ఎదురుచూసి విసిగినవారు నిందించవలసింది ఆవును కాదు.

6. రుచి, స్వచ్ఛత, పదజాలం:

ఈ చర్చకు ఇంటి బడ్జెట్టుతో సంబంధం ఉంది. రుచి నచ్చని పాలను మనం వెంటనే ‘కల్తీ’ అంటాం, చిక్కగా కమ్మగా ఉన్నవాటిని ‘అసలు పాలు’ అని నమ్మి రెట్టింపు ధర ఇస్తాం. కల్తీ చేసేవాడు మొదట అనుకరించేది ఆ చిక్కదనాన్నే. నీళ్లు కలిపాక పిండిపదార్థమో పంచదారో చేర్చేది అందుకే. వెన్న తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీరు కలిపితే తగ్గుతుంది. రెండూ కలిసి చేస్తే లాక్టోమీటరు కూడా మోసపోతుంది. ఇక నాలుక ఎంత? ‘ఏ2’ పాలు రుచిగా ఉంటాయన్న ప్రచారమూ ఇటువంటిదే. ఏ1, ఏ2 భేదం బీటా కేసిన్ ప్రొటీనులో ఒక్క అమైనో ఆమ్లానిది. కేసిన్‌కు స్వయంగా చెప్పుకోదగిన రుచి లేదు. ఆ పాలలో రుచి భేదం తెలిస్తే దానిని మేతలో, కొవ్వులో, కాచే పద్ధతిలో వెదకాలి.

భాషాధ్యయనం చేసేవారికి ఇక్కడ మరొక పని మిగిలి ఉంది. ఎం.ఏ. తరగతిలో దాలి అంటే ఏమిటని అడిగితే ఇద్దరు ముగ్గురికి మించి చెప్పలేకపోయారు. గుమ్మపాలు అన్న మాట తెలిసినవారు కొందరున్నారు, తాగినవారు లేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి సేకరించిన పద్ధతిని పాలకు కూడా వర్తింపజేయవచ్చు. ఆ ప్రశ్నావళిలో వస్తువుల పేర్లతోపాటు రుచులను కూడా అడగాలి: కాగీకాగని పాలను ఏమంటారు, అడుగంటిన పాల వాసనను ఏమంటారు, ముదురు పాడి ఉప్పదనానికి మాట ఉందా, ఫ్రిజ్‌లో రెండు రోజులున్న పాలను మీ ఇంట్లో ఏమని తిడతారు? చివరి ప్రశ్నకు జవాబులు హైదరాబాదులోనూ డాలస్‌లోనూ విడివిడిగా రాసుకోవాలి.