కాలి సత్తువకు కాటా

హనుమాన్ జంక్షనులో నాలుగు దారులు కలియును. పడమరగా విజయవాడకు, తూర్పుగా ఏలూరుకు, ఉత్తరముగా నూజివీడుకు, దక్షిణముగా గుడివాడకు పోవచ్చును. తెల్లవారుజామున సైకిలెక్కి గుడివాడ దారి పట్టినవానికి ఇరుప్రక్కల వరిచేలు, ఎత్తుపల్లములు లేని నేల. నూజివీడు దారి పట్టినవానికి మామిడి తోటల మెరక. ఈ దారులపై సాధన చేయువాడు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోయితినని చూచుకొని తన బలమును లెక్కకట్టినచో తప్పక మోసపోవును. ఎట్లనగా, మనిషి, సైకిలు కలిసి 80 కిలోలని అనుకొందము. గాలి లేని వేళ చదునైన దారిపై గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుటకు సుమారు 155 వాట్లు కావలెను. ఎదురుగాలి గంటకు 10 కిలోమీటర్ల వేగముతో వీచినచో అదే వేగమునకు సుమారు 245 వాట్లు కావలెను. మనిషి కూర్చున్న తీరును బట్టి, టైర్లను బట్టి ఈ అంకెలు కొంత మారును గాని తేడా మాత్రము ఇంతగానే ఉండును. వేగము మారలేదు, శ్రమ మాత్రము ఒకటిన్నర రెట్లు దాటినది. మంచి వరిపొలముల గాలి అని సంతోషించువాడు ఈ సంగతి కూడ ఎరుగవలెను.

అందుచేత వేగమును గాక, కాలు సైకిలునకు ఇచ్చు సామర్థ్యమునే కొలువవలెనను ఆలోచన పుట్టినది. సామర్థ్యమనగా సెకనుకు జరుగు పని. దానికి ప్రమాణము వాటు. మనకు పరిచితమైన గుర్రపు బలము 746 వాట్లు. క్రమముగా సాధన చేసినవాడొకడు గంటసేపు 200 వాట్లు నిలిపెననిన, గుర్రములో నాలుగవ వంతునకు కొంచెము పైగా పని చేసెనన్నమాట. జర్మనీలో ఉల్రిక్ షోబెరర్ అను ఇంజనీరు 1986లో సైకిలు క్రాంకులోనే ఇట్టి కొలతను ఇమిడ్చి చూపెను. దానినే నేడు పవర్ మీటరు అందురు.

ఇది పనిచేయు విధము కష్టమైనది కాదు. పెడలుపై కాలు నొక్కినప్పుడు క్రాంకు కంటికి కనపడనంత స్వల్పముగా వంగును. దానికి అంటించిన సన్నని లోహపు తీగ కూడ దానితోపాటు సాగును. సాగిన తీగ సన్నబడి పొడవగును గనుక దాని విద్యున్నిరోధము పెరుగును. ఆ పెరుగుదలను బట్టి త్రిప్పుబలము తెలియును. త్రిప్పుబలమును తిరుగు వేగముతో గుణించినచో వాట్లు వచ్చును. ఇట్టి తీగను స్ట్రెయిన్ గేజి అందురు. మన ధాన్యపు మిల్లుల యొద్ద లారీలను తూచు ఎలక్ట్రానిక్ కాటాల క్రింద ఉండునది కూడ ఇదియే. కాలి సత్తువకు కాటా అనుటలో అతిశయోక్తి లేదు.

కాటా అనగానే మన రైతునకు వేరే చెప్పనక్కరలేదు. ఒక కాటాలో తూచిన ధాన్యపు లారీ మరియొక కాటాలో నలుబది కిలోలు తక్కువ తూగినచో, దారిలో ధాన్యము ఇంకిపోయినదని ఎవ్వరును అనుకొనరు, కాటాను అనుమానింతురు. మన దేశమున 1956లో ప్రమాణముల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోనికి రాకముందు, ఒక ప్రాంతపు పుట్టి, కుంచము మరియొక ప్రాంతపు పుట్టి, కుంచముతో సరిపోయెడివి కావు. కొలపాత్ర మారినదన్న మాట మరచిన వర్తకుడు నష్టపోయెడివాడు. రెండు మూడు సైకిళ్లుగల సాధకుని నేటి చిక్కు సరిగా ఇదియే.

ఒక యువకునికి మంచి సైకిలొకటి, వానకాలపు బురదకు పాత సైకిలొకటి, ఇంట నిలిపి త్రొక్కు ట్రెయినరొకటి ఉన్నవనుకొందము. మొదటిదానికి రెండు పెడళ్లలోను మీటరు కలదు. పాతదానికి ఎడమ క్రాంకులో మాత్రమే కలదు. ట్రెయినరు తన వెనుక ఇరుసు యొద్ద తానే కొలుచును. మూడును మంచివే, ఎవ్వరును అబద్ధమాడుటలేదు. అయినను మూడు లెక్కలు వచ్చును.

కారణములు చూడుడు. ఎడమవైపు మీటరు ఎడమకాలి పనిని రెట్టించి చూపును. ఎడమకాలు నూటికి 48 పాళ్లు, కుడికాలు 52 పాళ్లు పనిచేయువానికి 220 వాట్లు 211గా కనపడును. అలసటతో ఈ పాళ్లు మారవచ్చును గాన తప్పు కూడ నిలకడగా ఉండదు. ట్రెయినరు చైను దాటిన తరువాత కొలుచును. చైను, పళ్లచక్రముల రాపిడిలో నూటికి రెండు మూడు వాట్లు వేడిగా పోవును. చైనుకు మురికి పట్టినచో ఇంకను ఎక్కువ. అందుచేత పెడలు చూపిన 220 అక్కడ 214గా ఉండవచ్చును. వీనికితోడు ప్రతి మీటరునకు తయారీదారు చెప్పు హద్దు ఒకటి ఉండును. సాధారణముగా అది నూటికి ఒకటి, రెండు పాళ్లు అటో ఇటో. 200 వాట్ల యొద్ద ఒక మీటరు 196, మరియొకటి 204 చూపినను రెండును తమ మాట నిలుపుకొన్నట్లే.

ఎనిమిది తొమ్మిది వాట్లే గదా అని కొట్టివేయుటకు వీలులేదు. నెలల తరబడి చేసిన సాధనకు ఫలముగా వచ్చునది తరచు అంతియే. మన యువకుడు వేసవిలో మంచి సైకిలుపై పరీక్షించుకొని, గంటసేపు నిలుపగల హద్దు 220 వాట్లని వ్రాసికొన్నాడు. వానలు వచ్చి పాత సైకిలెక్కెను. అదే శ్రమకు 211 కనపడగా బలహీనపడితినని దిగులుపడి, ఎట్లయినను 220 చూపించవలెనని త్రొక్కెను. నిజమునకు అతడు త్రొక్కినది 229. అది హద్దు దాటిన శ్రమ. నియమించుకొన్న ఆవృత్తులు సగములో విడిచి, మరునాడు కాళ్లు లాగుచుండగా మరల అట్లే చేయును. నెలలో అతడు నిజముగానే బలహీనపడును. కాటా తప్పు కాలికి చుట్టుకొన్నది.

దీనికి మొదటి మందు, వీలయినచో ఒకే మీటరును అన్ని సైకిళ్లకు వాడుట. పెడలు మీటరును విప్పి మార్చుట తేలిక. కాని ఇచట ఒక మెలిక కలదు. పెడలు కొలుచునది బలమును మాత్రమే. దానిని క్రాంకు పొడవుతో గుణించి త్రిప్పుబలము కట్టును. ఆ పొడవును మనమే దానికి తెలుపవలెను. 175 మిల్లీమీటర్ల క్రాంకుగల సైకిలునకు మార్చి, పాత 170నే ఉంచినచో నూటికి దాదాపు మూడు వాట్లు తక్కువ చూపును. ఈ చిన్న మరపు చాలమందికి జరుగునది, పనిముట్టు చెడెనని దానిని దూషింతురు.

ఒకే మీటరు వీలుకానప్పుడు ఒకదానిని ప్రమాణముగా ఎంచుకొని మిగిలినవానిని దానితో పోల్చవలెను. అది పరమసత్యము చెప్పునా అన్నది రెండవ మాట, ప్రతిదినము ఒకే మాట చెప్పునా అన్నదే మొదటి మాట. మంచి సైకిలును ట్రెయినరుపై ఎక్కించి, పది నిమిషములు వేడెక్కనిచ్చి, 100, 150, 200, 250 వాట్ల యొద్ద అయిదేసి నిమిషములు త్రొక్కి రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. నిమిషమునకు 70 చుట్లతో ఒకసారి, 90 చుట్లతో ఒకసారి చేసినచో మరింత మేలు. తేడా అన్నిచోట్ల నూటికి ఇన్ని పాళ్లని తేలినచో అది గుణకములోని తేడా, చైను రాపిడి కూడ దీనిలోనే చేరును. వాట్లెన్నయినను తేడా మారక, చుట్లు పెరిగినప్పుడు మాత్రము పెరిగినచో సున్నలోని తేడా. మొదటిదానికి లెక్కలో దిద్దుబాటు చాలును. రెండవదానికి సున్న సరిచేయవలెను. పాత సైకిలుకు పెడళ్లను తాత్కాలికముగా బిగించి ఇదే విధముగా పోల్చవచ్చును.

అన్ని తేడాలను మీటరుపై నెట్టరాదు. నడుము వంచి ముందుకు వాలి కూర్చొను పందెపు సైకిలుపై కొందరి కాళ్లు నిజముగానే తక్కువ వాట్లిచ్చును. అట్టివారు ఆ సైకిలునకు వేరుగా హద్దును పరీక్షించుకొనుట ఉచితము. గుండె వేగమును సాక్షిగా పిలువవచ్చును గాని, ఎండలో అదే వాట్లకు గుండె ఎక్కువ కొట్టుకొనును. మన కృష్ణా తీరపు ఉక్కలో అది నమ్మదగిన సాక్షి కాదు.

సున్న సంగతి మన ఎండలలో ముఖ్యమైనది. వేడికి లోహము వ్యాకోచించును, తీగ నిరోధము మారును, కాలు మోపకుండగనే మీటరు ఏదో బరువున్నట్లు చదువును. ఒక్క న్యూటన్ మీటరు తప్పు నిమిషమునకు 90 చుట్ల యొద్ద 9.4 వాట్లగును, 60 చుట్ల యొద్ద 6.3. చల్లని గది నుండి తీసిన సైకిలును మే నెలలో జాతీయ రహదారిపైకి తెచ్చినచో వెంటనే ఎక్కక, నీడలో పది పదిహేను నిమిషములు నిలిపి, కాలు తీసివేసి సున్న సరిచేసి కదలవలెను. వేడికి తమంత తామే సర్దుకొను మీటర్లు గలవు గాని, ఆకస్మికపు మార్పులో అవి కొంచెము వెనుకబడును.

గుణకమును పరీక్షించుటకు కిరాణా కొట్టువాని పద్ధతియే ఉత్తమము. తూనికలు కొలతల శాఖవారి ముద్రగల 20 కిలోల గుండునొకదానిని సంపాదింపవలెను. సున్న సరిచేసి, వెనుక బ్రేకును బిగించి, క్రాంకును అడ్డముగా నిలిపి, గుండును గట్టి పట్టీతో పెడలు ఇరుసునుండి వ్రేలాడదీయవలెను. క్రింద కాలు పెట్టరాదు. క్రాంకు 170 మిల్లీమీటర్లయినచో త్రిప్పుబలము 33.35 న్యూటన్ మీటర్లు రావలెను. 32.7 చూపినచో మీటరు నూటికి రెండు పాళ్లు తక్కువ చెప్పుచున్నది. కొన్ని మీటర్లలో ఈ తేడాను మనమే దిద్దవచ్చును. దిద్ద వీలులేనివానికి నోటుపుస్తకమే గతి: తేదీ, సైకిలు, మీటరు, తేడా అని నాలుగు గడులు చాలును. బ్యాటరీ మార్చిన రోజున, పెడలు విప్పి బిగించిన రోజున, ఎండలు పోయి వానలు మొదలయిన వారమున ఈ పరీక్షను మరల చేయవలెను. గుండును తిరిగి ఇచ్చునప్పుడు కొట్టువాడు ఇది సైకిలునకెందుకని అడుగక మానడు.