కొత్త ఊళ్లో తాడు పట్టేదెవరు?

తాడు కట్టుకుని గోడ ఎక్కాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఎక్కుతుంటే మరొకరు కింద నిలబడి తాడు రెండో కొసను నడుముకున్న పరికరంలోంచి నడుపుతూ, పైవారు జారితే ఆపుతారు. ఈ పనిని బిలే అంటారు, చేసేవారిని బిలేయర్ అంటారు. ఊరు మారిన క్లైంబర్‌కు గోడ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ రెండో మనిషి దొరకడమే కష్టం. పైగా దొరికినవాళ్లందరి చేతికీ ప్రాణం అప్పగించలేం. అందుకే కొత్త నగరంలో జిమ్ వెతుకులాట, జోడీ వెతుకులాట రెండు వేర్వేరు పనులుగా కనిపించినా నిజానికి ఒకటే పని. ఎలాంటి జిమ్‌కు వెళ్తే అలాంటి మనుషులు పరిచయమవుతారు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన వాళ్లనే ఉదాహరణగా తీసుకుందాం. క్లైంబింగ్ విషయంలో దేశంలో ఆ నగరానికున్నంత పేరు చాలా తక్కువ నగరాలకు ఉంది. శ్రీ కంఠీరవ స్టేడియంలోని ఎత్తైన కృత్రిమ గోడ దగ్గర ఎన్నో ఏళ్లుగా సాయంత్రాలు క్లైంబర్లు పోగవుతూ వచ్చారు. జాతీయ స్థాయి ఆటగాళ్లు చాలామంది అక్కడే తయారయ్యారు. తరువాత ఈక్విలిబ్రియం క్లైంబింగ్ స్టేషన్ లాంటి ప్రైవేటు జిమ్‌లు వచ్చాయి. నగరం దాటితే రామనగర, సావనదుర్గ రాతి కొండలున్నాయి. ఒక రాత్రి ప్రయాణం చేస్తే హంపి బండలు, బాదామి ఇసుకరాతి గోడలు. ఇన్ని ఉన్నా, కొత్తగా దిగిన మనిషికి మొదటి నెలలో ఇవేవీ అందుబాటులో ఉన్నట్టు అనిపించవు. రామనగర వెళ్లాలంటే తాడు కావాలి, దారి తెలిసినవాళ్లు కావాలి, బండి కావాలి. ఇవన్నీ మనుషుల ద్వారానే వస్తాయి.

ఆ మనుషుల్ని పరిచయం చేసుకోవడానికి అన్నిటికంటే సులువైన చోటు బౌల్డరింగ్ గోడ. బౌల్డరింగ్ అంటే నాలుగు, నాలుగున్నర మీటర్ల ఎత్తు గోడను తాడు లేకుండా ఎక్కడం. పడితే కింద మందపాటి మెత్తలు ఉంటాయి. దీనికి జోడీ అక్కర్లేదు, ఒంటరిగా వెళ్లొచ్చు. అసలు లాభం ఇంకొకటుంది. ఒకసారి గట్టిగా ప్రయత్నించాక చేతులు తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి. గంటన్నర జిమ్‌లో గడిపినవాళ్లు గోడ మీద ఉండేది తక్కువ, మెత్త మీద కూర్చునేది ఎక్కువ. ఒకే ప్రాబ్లమ్ మీద, అంటే ఒకే రంగు పట్లు కట్టిన దారి మీద, నలుగురు వంతులవారీగా కుస్తీ పడుతుంటే మాటలు వాటంతటవే కలుస్తాయి. అయితే ఒక మర్యాద పాటించాలి. ఏ పట్టు ఏ చేత్తో అందుకోవాలి, కాలు ఎక్కడ పెట్టాలి అన్న చిట్కాను క్లైంబర్లు బీటా అంటారు. అడగకుండా బీటా చెప్పేవాళ్లను ఎవరూ ఇష్టపడరు. 'చెప్పనా?' అని అడిగి చెప్పేవాళ్ల చుట్టూ జనం చేరతారు.

తాడు గోడల్లో మూడు రకాల ఏర్పాట్లుంటాయి. తాడు ముందే పైనుంచి వేలాడుతూ ఉంటే టాప్ రోప్. ఎక్కేవారు తాడును తమతో తీసుకెళ్తూ దారిలోని కొక్కేలకు తగిలించుకుంటూ పోతే లీడ్. తాడు బదులు యంత్రమే పట్టీని చుట్టుకుంటూ, వదిలితే మెల్లగా కిందికి దించేది ఆటో బిలే. జోడీ లేని రోజుల్లో ఆటో బిలే చక్కగా పనికొస్తుంది. దాంతో వచ్చే పెద్ద ప్రమాదం యంత్రం చెడిపోవడం వల్ల కాదు, మనిషి పట్టీ తగిలించుకోవడం మరిచిపోయి ఎక్కడం వల్ల. మంచి జిమ్‌లలో గోడ అడుగున పెద్ద త్రికోణపు గుడ్డ అడ్డంగా బిగించి ఉంటుంది. పట్టీ విప్పి తగిలించుకుంటే గానీ అది పక్కకు తొలగదు. చిన్న ఏర్పాటే అయినా, ఆ జిమ్ నడిపేవాళ్లు ఎంత ఆలోచిస్తారో దాన్ని చూస్తే తెలుస్తుంది.

జిమ్ ఎంచుకోవడంలో ఫొటోలు తప్పుదోవ పట్టిస్తాయి. గోడ రంగులు, కాఫీ కౌంటర్, పాటల హోరు ఎక్కడైనా ఉంటాయి. చూడాల్సినవి వేరు. మెత్తల మధ్య కాలు దిగబడే సందులున్నాయా? తాళ్ల పైతొడుగు చిరిగి లోపలి పోగులు కనిపిస్తున్నాయా? తాకితే గిర్రున తిరిగే వదులు పట్లు ఎన్ని ఉన్నాయి, చెబితే ఎంతసేపట్లో బిగిస్తారు? పట్టు కోసం చేతులకు రాసుకునే చాక్ పొడి గాల్లో నిలిచిపోకుండా గాలి ఆడుతోందా? వీటికంటే ముఖ్యమైంది రూట్ సెట్టర్ పని. పట్లను విప్పి, కడిగి, కొత్త దారులు కట్టేవాళ్లు రూట్ సెట్టర్లు. కొన్ని వారాలకోసారి గోడలో ఒక భాగమైనా మారకపోతే, రెండు నెలల్లో అన్నీ ఎక్కేసినవాళ్లు విసుగొచ్చి మానేస్తారు. రోజూ వచ్చేవాళ్లు మానేసిన జిమ్‌లో జోడీ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి సభ్యత్వం మాట ఎత్తకముందు 'గోడ ఎన్నాళ్లకోసారి మారుస్తారు?' అని అడగాలి. సమాధానం సూటిగా రాకపోతే అదే సమాధానం అనుకోవాలి.

పొడుగ్గా ఉన్నవాళ్లకు మాత్రమే అందేలా దారులు కట్టే జిమ్‌లు కూడా ఉన్నాయి. పొట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలు అక్కడ తేలిక దారుల్లోనూ ఇరుక్కుపోతారు. ఒకసారి అన్ని స్థాయిల్లో తలా ఒకటి ఎక్కి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

స్థాయిల గురించి కొంచెం చెప్పాలి. బౌల్డరింగ్‌కు అమెరికాలో పుట్టిన వి-స్కేల్ మన దగ్గరా వాడుకలో ఉంది. వి0 సులువు, ప్రపంచంలో ధ్రువపడినవాటిలో అతి కష్టమైనవి వి17. ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లో అడవి పేరుమీద ఇంకో కొలత ఉంది. తాడు దారులకు ఫ్రెంచి అంకెలు, అమెరికా దశాంశాలు వాడతారు. అయితే ఒక జిమ్ వి4 మరో జిమ్‌లో వి3 కావచ్చు, హంపి బండ మీద వి2 కూడా కావచ్చు. చాలా జిమ్‌లు ఈ గొడవ లేకుండా రంగులతోనే సరిపెడతాయి. కొత్త ఊళ్లో 'నేను వి5 ఎక్కుతాను' అని పరిచయం చేసుకున్నవాళ్లు మొదటి సాయంత్రమే ఇబ్బందిపడతారు. ఎక్కడైనా ఒకేలా ఉండేది ఒకటుంది: మూన్‌బోర్డ్. ఇది వాలుగా నిలబెట్టిన చెక్క పలక. 40 డిగ్రీల వాలు, అవే పట్లు, అవే స్థానాలు, ఏ పట్లు వాడాలో దీపాలు చూపిస్తాయి. టోక్యోలో ఎవరో కూర్చిన ప్రాబ్లమ్‌ను బెంగళూరులో ప్రయత్నించవచ్చు. పాత ఊళ్లో సగంలో వదిలేసిన ప్రాబ్లమ్ కొత్త ఊళ్లోనూ కనిపించడం ఒక ఊరట. అయితే ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్లకు తగినది కాదు.

ఇక జోడీ విషయం. బౌల్డరింగ్ దగ్గర నవ్వుతూ పలకరించినవారు మంచి బిలేయర్ అయి ఉండాలని లేదు. గొప్పగా ఎక్కేవారు కూడా మంచి బిలేయర్ కావాలని లేదు, ఎక్కడం వేరు, పట్టుకోవడం వేరు. కొన్నాళ్లు ఊరికే చూడాలి. తాడు అదుపు చేసే చెయ్యి ఎప్పుడైనా వదులుతున్నారా? లీడ్ ఎక్కేవారికి కింద పట్టుకుని గోడకు చాలా దూరంగా నిలబడుతున్నారా? అలా నిలబడితే పైవారు జారినప్పుడు బిలేయర్‌ను తాడు ముందుకు లాక్కుపోతుంది, ఆ మేరకు పడే ఎత్తు పెరుగుతుంది. పైన మనిషి ఉండగా ఫోన్ చూస్తున్నారా, వెనక్కి తిరిగి కబుర్లు చెబుతున్నారా? పెట్జల్ సంస్థ 1991లో తెచ్చిన గ్రిగ్రి లాంటి పరికరాలు తాడు ఒక్కసారిగా లాగితే దాన్ని బిగించి పట్టుకుంటాయి. అది ఉంది కదా అని చెయ్యి వదిలేసేవాళ్లు ప్రతి జిమ్‌లో ఒకరిద్దరు కనిపిస్తారు. చెయ్యి వదలొద్దని తయారీదారే చెబుతున్నాడు. ఇలాంటివాళ్లతో టీ తాగొచ్చు, తాడు పంచుకోకూడదు.

ఎక్కేముందు ఒకరినొకరు తనిఖీ చేసుకోవడం ఇంకో గీటురాయి. నడుముకు కట్టుకునే హార్నెస్ బకిల్ బిగిసిందా, ఎనిమిది అంకె ఆకారపు ముడి పూర్తయిందా, పరికరంలో తాడు సరైన దిక్కున ఉందా, పరికరాన్ని హార్నెస్‌కు కలిపే కారాబినర్ తాళం పడిందా అని చూడటానికి పావు నిమిషం చాలు. అనుభవం ఉన్నవాళ్లే దీన్ని ఎక్కువగా వదిలేస్తారు. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూలో ఆనాటి ప్రపంచ అగ్రశ్రేణి క్లైంబర్ లిన్ హిల్ ముడి పూర్తి చేయకుండానే ఒక దారి ఎక్కేశారు. పైకి చేరి కిందికి దిగడానికి తాడు మీద బరువు వేసేసరికి ముడి జారిపోయింది. ఇరవై మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడ్డారు, దారిలో చెట్టు అడ్డు రావడంతో బతికారు. అంతటివారికే తప్పనిది తమకు తప్పుతుందనుకునేవాళ్లతో జత కట్టకపోవడమే మేలు. తనిఖీ చేస్తానంటే 'నా మీద నమ్మకం లేదా?' అని నొచ్చుకునేవాళ్లను మర్యాదగా వదిలేయాలి.

నమ్మకం కుదురుతోంది అనిపిస్తే మెట్లు మెట్లుగా వెళ్లాలి. కొన్ని సాయంత్రాలు బౌల్డరింగ్, తరువాత టాప్ రోప్, ఆ పైన లీడ్. లీడ్‌కు ముందు ఇద్దరి బరువులు మాట్లాడుకోవాలి. ఎక్కేవారు బాగా బరువైతే, వారు జారినప్పుడు తేలికైన బిలేయర్ గాల్లోకి లేచి మొదటి కొక్కేనికి గుద్దుకోవచ్చు. మొదటి కొక్కెం దగ్గర తాడుకు ఒరిపిడి పెంచే పరికరాలు దీనికోసమే ఉన్నాయి. మాటలు కూడా ముందే కలుపుకోవాలి. 'టేక్' అంటే తాడు బిగించు, 'స్లాక్' అంటే వదులు చెయ్యి, 'లోయర్' అంటే దించు. తెలుగు, కన్నడ, హిందీ కలిసి మోగే హాల్లో ఈ మూడు మాటలూ పేరుతో కలిపి అరవడం మంచిది. పక్కవారికి అన్న 'లోయర్' మనవారికి వినపడితే కష్టం.

అమ్మాయిలకు ఇంకో చిక్కు ఉంటుంది. నేర్పిస్తానంటూ చేరి సలహాలతో విసిగించే మగవాళ్లు జిమ్‌లలో తక్కువేమీ కాదు. పరిచయమైన వారంలోనే ఊరి బయట కొండకు రమ్మనే పిలుపును ఒప్పుకోనక్కర్లేదు, నలుగురు వెళ్లేటప్పుడు చూద్దామంటే చాలు. ఆడవాళ్ల కోసమే ప్రత్యేక సెషన్లు పెట్టే జిమ్‌లు ఉన్నాయి. 'క్లైంబ్ లైక్ ఎ ఉమన్' పేరుతో మన దేశంలో ఆడవాళ్లకు క్లైంబింగ్ శిబిరాలూ జరుగుతున్నాయి. అలాంటి చోట కలిసిన జోడీలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

జిమ్ నుంచి రాతికి వెళ్లేది సాధారణంగా ఆదివారం బృందాలతో. కొత్తవారిని పిలిచే ముందు ఈ బృందాలు కూడా వాళ్లను గమనిస్తాయి. తాడు చుట్టడం, బండల కింద పరిచే మెత్త అయిన క్రాష్ ప్యాడ్ మోయడం, పెట్రోలు డబ్బు అడగకముందే ఇవ్వడం లాంటివి ఎక్కడంలో నేర్పు కంటే ముందు లెక్కకు వస్తాయి. జిమ్‌లో లీడ్ ఎక్కినంత మాత్రాన రాతి మీద పైన తాడును నిలిపే యాంకర్ కట్టడం, తాడు విప్పి యాంకర్‌లోంచి దూర్చి తిరిగి కట్టుకుని దిగడం రావు. అవి తెలిసినవారు బృందంలో ఒకరైనా ఉన్నారా అని అడగాలి. హెల్మెట్ ఉండాలి. అనుమతులూ కనుక్కోవాలి. రామనగరలోని రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు, కాబట్టి అక్కడ ఎక్కడపడితే అక్కడ ఎక్కడం కుదరదు. నగర శివారులోని తురహళ్లి అడవి బండలకూ అటవీ శాఖ నిబంధనలు ఉన్నాయి. గ్రానైట్ మీద పట్టు చల్లటి గాలిలోనే బాగా కుదురుతుంది, అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హంపి కిటకిటలాడుతుంది. నగరంలో జోడీ దొరకనివాళ్లకు ఆ నెలల్లో హంపిలో తప్పక దొరుకుతుంది.

హైదరాబాద్ వచ్చేవాళ్ల పరిస్థితి కొంత తేడా. ఇక్కడ రాళ్లు ఊళ్లోనే ఉన్నాయి. ఖాజాగూడ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. వాటిని కాపాడటానికి 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటి బృందాలు వారాంతాల్లో ట్రెక్కింగ్‌తో పాటు క్లైంబింగ్‌కూ తీసుకెళ్తుంటాయి. నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి ఏకశిల దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూలు ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది అక్కడే. శిక్షణ తరగతిలో కలిసినవాళ్లు ఒకే పద్ధతిలో ముడి వేయడం, ఒకే పద్ధతిలో బిలే చేయడం నేర్చుకుంటారు. జిమ్ పరిచయాల కంటే ఇలా కుదిరిన జోడీ తొందరగా గాడిన పడుతుంది.

అమెరికా, జర్మనీ వెళ్లే తెలుగు విద్యార్థులకు పని ఇంకా సులువు. అమెరికాలో మొదటి వాణిజ్య జిమ్ 1987లో సియాటెల్‌లో మొదలైంది. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల వ్యాయామశాలల్లోనే గోడ ఉంటోంది, విద్యార్థి ఫీజులోనే ప్రవేశం కలిసిపోయి ఉండొచ్చు. ముందు అక్కడ అడగాలి. జర్మనీలో 1869లో పుట్టిన ఆల్పైన్ క్లబ్ శాఖలు ఊరూరా హాళ్లు నడుపుతున్నాయి, సభ్యులకు టికెట్ తగ్గుతుంది. జోడీ కావాలనేవాళ్లు కాగితం అంటించే బోర్డు చాలా హాళ్లలో ఇప్పటికీ గోడకే ఉంటుంది. అమెరికా జిమ్‌లు బిలే పరీక్ష పెట్టి, నెగ్గినవారికే తాడు ఇస్తాయి. స్వదేశంలో ఎన్నేళ్లు ఎక్కినా ఆ పరీక్ష తప్పదు, ఓడితే మరో రోజు మళ్లీ రమ్మంటారు.

డబ్బు విషయంలో తొందర పనికిరాదు. జిమ్‌లు ఏడాది సభ్యత్వానికి పెద్ద తగ్గింపు చూపిస్తాయి. మొదటి నెల ఒకరోజు టికెట్ల మీదే, బూట్లు అద్దెకు తీసుకుని, రెండు మూడు జిమ్‌లు తిరగాలి. అదీ ఒకే సమయంలో, అంటే ఉద్యోగం అయ్యాక నిజంగా వెళ్లగలిగే వేళలోనే వెళ్లాలి. మధ్యాహ్నం ఖాళీగా బాగుందనిపించిన గోడ సాయంత్రం ఏడింటికి వంతు రానంత రద్దీగా ఉండొచ్చు. ఇంటికి దగ్గరగా ఉన్న మామూలు జిమ్, గంట ట్రాఫిక్ అవతల ఉన్న గొప్ప జిమ్ కంటే బెంగళూరు లాంటి ఊళ్లో ఎక్కువ రోజులు పనికొస్తుంది. జోడీ కుదిరాక, ఇద్దరికీ దూరం సరిపడే జిమ్‌లో ఏడాది డబ్బు కట్టవచ్చు.