వార్తల్లో పదం: షూగేజ్

విశాఖ రుషికొండ ఒడ్డున కళ్లు మూసుకుంటే వినపడేది హోరే. అందులో ఒక్క అలను విడదీసి వినలేం. షూగేజ్ సంగీతమూ అంతే. ‘బూట్లకేసి చూడటం’ అని ఈ మాటకు అర్థం. కాళ్ల దగ్గర పరిచిన ఎఫెక్ట్ పెడల్స్‌ తొక్కుతూ తల వంచుకుని వాయించే కుర్రాళ్లకు 1990ల మొదట్లో బ్రిటన్ పత్రికలు ఎగతాళిగా తగిలించిన పేరిది.

మై బ్లడీ వాలంటైన్ బృందం 1991లో తెచ్చిన ‘లవ్‌లెస్’ ఆల్బమ్ ఈ ధోరణికి పెద్దబాలశిక్ష. ఆ బృందం గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ తీగలు మీటుతూనే గిటారు ట్రెమొలో కడ్డీని ఊపుతుంటాడు. దాంతో స్వరం ఒకచోట నిలవదు, గమకంలా జారుతుంది. గొంతు ఆ మోతలో సగం మునిగిపోతుంది. మాట తెలియకపోయినా బాధ తెలుస్తుంది.

డ్రీమ్ పాప్ అనే శైలి షూగేజ్‌కు అక్క వరస. ఆ బాట వేసిన కాక్టో ట్విన్స్ బృందానిది స్కాట్లాండ్‌లోని గ్రాంజ్‌మౌత్. విశాఖలాగే ఓడరేవు ఉన్న ఊరు, 2025 దాకా చమురుశుద్ధి కర్మాగారమూ నడిచిన ఊరు. పొగగొట్టాల పక్కనుంచి అంత మెత్తని పాట పుట్టిందంటే మన ఊరివాళ్లకు వింతేమీ కాదు.

మరో షూగేజ్ బృందం స్లోడైవ్‌ను 1995లో రికార్డు కంపెనీ వదిలేసింది. బృందమూ విడిపోయింది. 2014లో మళ్లీ కలిసి, 2017లో, 2023లో కొత్త ఆల్బమ్‌లు తెచ్చింది. బృందం విడిపోయేనాటికి పుట్టనైనా పుట్టని పిల్లలు ఇప్పుడు వాళ్ల పాత పాటలు వెతుక్కుని వింటున్నారు.

కొత్తవారు స్లోడైవ్ ఆల్బమ్ ‘సువ్లాకి’తో మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మధ్యలో పాట మార్చకుండా చివరిదాకా వినండి.