మకురా నో సోషి

మకురా నో సోషి (అర్థము: దిండు పుస్తకము) జపాను భాషలోని సుప్రసిద్ధమైన ప్రాచీన గద్య గ్రంథములలో ఒకటి. దీనిని రచించినది సెయి షోనాగొన్ అనే అంతఃపుర పరిచారిక. క్రీ.శ. 10వ శతాబ్దపు చివరి దశాబ్దములో ఈ రచన మొదలై, 11వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పూర్తయినదని పండితుల అభిప్రాయము. నిత్యజీవితములో రచయిత్రికి ఆనందము కలిగించినవి, చిరాకు పుట్టించినవి, రాజసభలో జరిగిన సంభాషణలు, చదివిన పుస్తకాలు, చూసిన ఉత్సవాలు, ఋతువుల అందాలు ఇందులో చిన్న చిన్న ఖండికలుగా ఉన్నాయి. గ్రంథమంతటా ఉల్లాసము కనిపిస్తుంది. అయితే ఇది వ్రాయబడిన కాలము రచయిత్రికి, ఆమె సేవించిన మహారాణికి మిక్కిలి కష్టకాలము. ఈ వైరుధ్యమే ఈ గ్రంథాన్ని అర్థము చేసుకొనుటకు ముఖ్యమైన ఆధారము.

రచయిత్రి

సెయి షోనాగొన్ అసలు పేరు తెలియదు. "సెయి" అనునది ఆమె వంశనామమైన కియోహారాలోని మొదటి అక్షరానికి చైనా పద్ధతిలోని ఉచ్చారణ. "షోనాగొన్" అనునది ఒక రాజోద్యోగపు పేరు. ఆ కాలములో కొలువులోని స్త్రీలను ఈ విధముగా వంశనామము, ఉద్యోగనామము కలిపి పిలిచేవారు. ఆమె సుమారు 966లో జన్మించినదని అంచనా. తండ్రి కియోహారా నో మొతొసుకే (908-990) పేరుపొందిన కవి. చక్రవర్తి ఆజ్ఞతో సంకలనము చేయబడిన "గోసెన్‌షూ" కవితా సంపుటి సంకలనకర్తలలో ఆయన ఒకరు. సెయి షోనాగొన్ తచిబానా నో నొరిమిత్సును వివాహమాడినది. వీరికి ఒక కుమారుడు. తరువాత సుమారు 993లో ఆమె ఇచిజో చక్రవర్తి (పాలన 986-1011) భార్యయైన మహారాణి తెయిషి కొలువులో చేరినది. అప్పటికి తెయిషి వయస్సు సుమారు పదిహేడు సంవత్సరాలు. షోనాగొన్ ఆమెకంటె పదేళ్ళు పెద్ద.

చారిత్రక నేపథ్యము

ఆ కాలాన్ని హెయ్యాన్ యుగము (794-1185) అంటారు. రాజధాని హెయ్యాన్-క్యో, అనగా నేటి క్యోటో నగరము. పేరుకు చక్రవర్తి ఉన్నప్పటికీ అధికారము ఫుజివారా వంశీయుల చేతిలో ఉండేది. వారు తమ కుమార్తెలను చక్రవర్తులకిచ్చి వివాహము చేసి, పుట్టిన మనుమల ద్వారా రాజ్యాన్ని నడిపేవారు. కనుక ప్రతి రాణి కొలువు ఒక రాజకీయ కేంద్రము. చదువు, చమత్కారము కలిగిన పరిచారికలు ఆ కొలువుకు శోభ.

తెయిషి తండ్రి ఫుజివారా నో మిచితాకా ఆనాటి అధికార ప్రముఖుడు. ఆయన 995లో మరణించగా ఆయన తమ్ముడు మిచినాగా అధికారము చేజిక్కించుకున్నాడు. 996లో తెయిషి సోదరులు కొరెచికా, తకాయియేలకు రాజధానినుండి బహిష్కార శిక్ష పడినది. అదే సంవత్సరములో తెయిషి నివాస భవనము అగ్నికి ఆహుతి అయినది, తల్లి మరణించినది. తెయిషి తన జుట్టు కత్తిరించుకొని సన్యాసిని దీక్ష స్వీకరించినది. తరువాత చక్రవర్తి ఆమెను తిరిగి రప్పించుకొన్నాడు గాని పూర్వవైభవము రాలేదు. 1000లో మిచినాగా తన కుమార్తె షోషిని కూడా పట్టమహిషిని చేయించాడు. ఒకే చక్రవర్తికి ఏకకాలములో ఇద్దరు పట్టమహిషులు ఉండుట అంతకు ముందెన్నడూ జరగలేదు. జపాను పాత పంచాంగము ప్రకారము ఆ సంవత్సరపు చివరి మాసములో, అనగా 1001 జనవరిలో, తెయిషి ప్రసవానంతరము మరణించినది. ఆ తరువాత షోనాగొన్ కొలువు విడిచినదని భావిస్తారు.

గ్రంథము పేరు, పుట్టుక

గ్రంథము చివర ఉన్న ఖండికలో రచయిత్రి ఈ పుస్తకము పుట్టిన విధము చెప్పినది. కొరెచికా మహారాణికి ఒక కాగితపు కట్టను సమర్పించాడు. చక్రవర్తి వద్ద ఆ కాగితముపై చైనా చరిత్ర గ్రంథమైన "షికి"కి ప్రతి వ్రాయిస్తున్నారు, మనమేమి వ్రాద్దామని మహారాణి అడిగినది. అది దిండు కావలెనని షోనాగొన్ బదులు చెప్పగా, కాగితము ఆమెకే దక్కినది. ఈ మాటలోని భావముపై పలు వ్యాఖ్యానాలున్నాయి. దిండు వద్ద ఉంచుకొని సొంత విషయాలు వ్రాసుకొనే పుస్తకమని కొందరు, "షికి" అను శబ్దానికి "కింద పరచునది" అనే అర్థము కూడా ఉన్నందున ఇది శ్లేష అని మరికొందరు అంటారు.

తన కంటికి కనిపించినవి, మనసుకు తోచినవి ఎవరూ చూడరనుకొని వ్రాసినట్లు షోనాగొన్ చెప్పుకొన్నది. ఒకనాడు ఇసె రాష్ట్రాధికారిగా ఉన్న మినామొతో నో త్సునెఫుసా ఆమె ఇంటికి వచ్చినప్పుడు, ఆయన కోసము వేసిన చాపపై ఈ పుస్తకము ఉండిపోయినది. ఆయన దానిని తీసుకొనిపోయి చాలాకాలము తరువాత తిరిగి ఇచ్చాడు. అప్పటినుండి అది నలుగురి చేతులలో పడినది.

గ్రంథ స్వరూపము

ఇందులో మూడు వందలకు పైగా ఖండికలున్నాయి. ప్రతులనుబట్టి ఈ సంఖ్య మారుతుంది. వీటిని సాధారణముగా మూడు రకాలుగా విభజిస్తారు.

మొదటి రకము జాబితాలు. కొన్ని జాబితాలలో కొండలు, నదులు, చెట్లు, పక్షులు వంటి పేర్లుంటాయి. మరికొన్నింటిలో ఒక భావము కింద చేరే విషయాలుంటాయి. చిరాకు పుట్టించువాటిలో, తొందర పనిలో ఉన్నప్పుడు వచ్చి కూర్చొని ఎంతకూ లేవని అతిథి, సిరా నూరే రాతిలో చిక్కిన వెంట్రుక, నిద్రపట్టే వేళకు ముఖము దగ్గర రొదచేసే దోమ ఉన్నాయి. ముద్దు గొలుపువాటిలో, పాకుతూ వచ్చి నేలపైని చిన్న నలుసును వేళ్ళతో పట్టుకొని పెద్దలకు చూపించే పసిబిడ్డ ఉన్నది. మనసు ఉప్పొంగజేయువాటిలో, తలస్నానము చేసి, చూసేవారెవరూ లేకపోయినా పరిమళము పట్టించిన బట్టలు కట్టుకొనుటను చేర్చినది.

రెండవ రకము కొలువులో జరిగిన ఘట్టాల వర్ణన. ఇవి దినచర్య గ్రంథాన్ని పోలి ఉంటాయి గాని కాలక్రమములో ఉండవు. మూడవ రకము ప్రకృతిని, మనుషులను గురించిన ఆలోచనలు. ఏ ఋతువులో ఏ వేళ అందమైనదో చెప్పే ప్రారంభ ఖండిక ఈ రకానికి చెందినది. జపాను పాఠశాలలలో విద్యార్థులు దీనిని కంఠస్థము చేస్తారు.

ముందుగా వేసుకొన్న ప్రణాళిక లేకుండా మనసు పోయిన దారిలో కలము నడిపే ఇటువంటి రచనను జపానులో "జుయిహిత్సు" అంటారు. కామో నో చోమేయి రచించిన హోజోకి (1212), కెంకో రచించిన త్సురెజురెగుసా (14వ శతాబ్దము) గ్రంథాలతో కలిపి దీనిని మూడు గొప్ప జుయిహిత్సులలో ఒకటిగా లెక్కిస్తారు.

పుస్తకాలు, కవితా పరీక్షలు

ఆనాడు ముద్రణలో కథల పుస్తకాలు లేవు. ప్రతి పుస్తకమూ చేతితో నకలు చేయవలసినదే. అందుచేత మొదటి భాగము మాత్రము చదివి, తరువాతి భాగము దొరకదేమో అనుకొంటున్న కథకు మిగిలిన భాగము చేతికి చిక్కుటను షోనాగొన్ సంతోషము కలిగించువాటిలో చేర్చినది. అయితే తీరా చదివితే నిరాశ కలుగవచ్చునని కూడా అన్నది.

కొలువులో పాండిత్యానికి నిత్యము పరీక్షలుండేవి. ఒకనాడు తెయిషి ఇరవై సంపుటాల "కొకిన్‌షూ" ముందుంచుకొని పద్యాల మొదటి భాగము చదివి మిగిలినది చెప్పమన్నది. బాగా తెలిసిన పద్యాలు కూడా పరిచారికలకు సమయానికి గుర్తు రాలేదు. మరొకప్పుడు ఫుజివారా నో తదనొబు అనే అధికారి ఒక పుకారు నమ్మి షోనాగొన్‌తో మాటలు మానివేశాడు. ఆమెను పరీక్షించుటకు చైనా కవి బై జుయీ పద్యములోని ఒక పాదము పంపి తరువాతి పాదము అడిగాడు. చైనా లిపిలో వ్రాస్తే స్త్రీకి పాండిత్య ప్రదర్శన అంటారు, వ్రాయకపోతే తెలియదంటారు. ఆమె కుంపటిలోని ఆరిన బొగ్గు తీసుకొని, అదే భావము స్ఫురించేటట్లు జపాను పద్యభాగము వ్రాసి పంపినది. సభలోనివారు దానికి జోడీ వ్రాయలేకపోయారు.

ఇంతటి నేర్పరియైనా ఆమె పద్యరచనకు వెనుకాడేది. ఒకసారి కోకిల జాతికి చెందిన హొతొతొగిసు పక్షి కూత వినుటకు పరిచారికలు బండిలో వెళ్ళి, పద్యము వ్రాయకుండానే తిరిగి వచ్చారు. మహారాణి ఎత్తిపొడవగా, ప్రసిద్ధ కవి కూతురినన్న పేరు ఉండగా సామాన్యమైన పద్యము చెప్పి తండ్రికి అపకీర్తి తేలేనని షోనాగొన్ మనవి చేసినది. మహారాణి ఆమెను ఆ బాధ్యతనుండి విడుదల చేసినది. గద్యములో ఆమె చూపిన స్వేచ్ఛకు ఈ వెసులుబాటు కూడా తోడ్పడి ఉండవచ్చును.

చెప్పినవి, చెప్పక విడిచినవి

ఈ గ్రంథములో "ఒకాషి" అనే పదము నాలుగు వందల సార్లకు పైగా వస్తుంది. ఆహ్లాదము, వినోదము, ముచ్చట కలిగించునది అని దీని భావము. ఇదే యుగానికి చెందిన గెంజి మొనొగతారిలో విషాద స్పర్శగల "ఆవారే" అనే భావము ప్రధానము.

షోనాగొన్ ఆనందము కష్టాలు తెలియనివారి ఆనందము కాదని ఇతర చారిత్రక ఆధారాలతో పోల్చినప్పుడు తెలుస్తుంది. 999లో గర్భవతియైన తెయిషి ప్రసవము కోసము తైరా నో నరిమాసా అనే చిన్న అధికారి ఇంటికి తరలవలసి వచ్చినది. ఆ ఇంటి ద్వారము ఇరుకుగా ఉన్నందున పరిచారికల బండ్లు లోపలికి పోలేదు. వారు దిగి నడువవలసి వచ్చినది. షోనాగొన్ దీనిని నరిమాసాను ఆటపట్టించే హాస్య ఘట్టముగా వ్రాసినది. అదే రోజున మిచినాగా ఉజికి విహారయాత్ర పెట్టుకొన్న సంగతి ఫుజివారా నో సనెసుకే దినచర్య వలన తెలుస్తున్నది. మహారాణి ప్రయాణానికి సేవచేయుటకు పెద్ద అధికారులు రాలేదు. ఈ అవమానాన్ని గురించి షోనాగొన్ ఒక్క మాటయినా వ్రాయలేదు.

998 చివరలో తోటలో పోసిన మంచు గుట్ట కథ కూడా ఇటువంటిదే. అది ఎన్నాళ్ళు నిలుస్తుందని పందెము వేశారు. మిగిలినవారు సంవత్సరము ముగిసేలోగా కరుగుతుందనగా, షోనాగొన్ తరువాతి నెల మధ్యవరకు ఉంటుందన్నది. ఆమె గెలువబోతుండగా, గడువుకు ముందటి రాత్రి మహారాణి స్వయముగా మనుషులను పంపి మంచును తీసివేయించినది. షోనాగొన్ కన్నీళ్ళ పర్యంతమైనది. కథలో కనిపించేది పరిహాసము, చనువు మాత్రమే. అప్పటికి తెయిషి కుటుంబము అధికారము కోల్పోయి రెండేళ్ళు దాటినది.

996 ప్రాంతములో షోనాగొన్‌కు శత్రుపక్షముతో సంబంధమున్నదని తోటివారు అనుమానించగా ఆమె కొలువు విడిచి ఇంటివద్ద ఉండిపోయినది. లోకము మీద విసుగు పుట్టి బ్రతకాలని లేనప్పుడు మంచి తెల్ల కాగితము, మంచి కలము దొరికితే ఇంకొంత కాలము బ్రతకవచ్చుననిపిస్తుందని ఆమె ఒకప్పుడు రాణితో అన్నది. ఆ మాట గుర్తుంచుకొని తెయిషి ఆమెకు ఇరవై కట్టల మేలైన కాగితము పంపినది. తెయిషి కొలువు శోభను కాపాడి తరువాతివారికి అందించుటకే ఈ గ్రంథము ఉద్దేశించబడినదని పలువురు పండితులు భావిస్తారు.

విమర్శలు

గెంజి మొనొగతారి రచయిత్రి మురాసకి షికిబు, షోషి కొలువులోని పరిచారిక. ఆమె తన దినచర్యలో షోనాగొన్ గర్విష్ఠి అని, చైనా అక్షరాలు విచ్చలవిడిగా వాడుతుందని, పరిశీలించి చూస్తే ఆ పాండిత్యములో లోపాలున్నాయని, ఇటువంటివారికి మంచి ముగింపు ఉండదని వ్రాసినది. ఇద్దరూ ఒకే కాలములో కొలువులో ఉన్నట్లు కనబడదు. తక్కువ తరగతివారిని షోనాగొన్ చులకనగా చూచుట కూడా నేటి పాఠకులకు బాధ కలిగిస్తుంది. అది ఆనాటి రాజధాని కులీనుల దృష్టి.

వ్రాతప్రతులు, అనువాదాలు

రచయిత్రి స్వహస్తముతో వ్రాసిన ప్రతి లభించలేదు. సంకన్-బోన్, నోయిన్-బోన్, మయెదా-బోన్, సకాయి-బోన్ అనే నాలుగు పాఠ పరంపరలున్నాయి. వీటిలో కొన్ని ఖండికలను కలగలిపి ఉంచగా, కొన్ని జాబితాలను ఒకచోట, ఘట్టాలను ఒకచోట చేర్చాయి. 1674లో కితమురా కిగిన్ వ్రాసిన వ్యాఖ్యానము వలన ఈ గ్రంథానికి విస్తృత ప్రచారము కలిగినది.

ఆంగ్లములో ఆర్థర్ వేలీ 1928లో కొన్ని భాగాలను, ఐవాన్ మోరిస్ 1967లో పూర్తి గ్రంథాన్ని అనువదించారు. మెరెడిత్ మెకిన్నీ అనువాదము 2006లో వెలువడినది. పీటర్ గ్రీనవే 1996లో తీసిన "ది పిల్లో బుక్" చలనచిత్రము ఈ గ్రంథము ప్రేరణతో అల్లిన ఆధునిక కథ. 2024లో జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె ప్రసారము చేసిన "హికారు కిమి ఎ" ధారావాహికలో, దుఃఖములో మునిగిన తెయిషి కోసము షోనాగొన్ ఈ ఖండికలను వ్రాసినట్లు చూపించారు.

తెయిషి కుమారుడు అత్సుయాసు చక్రవర్తి కాలేదు. మిచినాగా మనుమలు సింహాసనమెక్కారు. అయినప్పటికీ వెయ్యి సంవత్సరాల తరువాత తెయిషి కొలువు పాఠకులకు ముఖ్యముగా ఈ గ్రంథము ద్వారానే పరిచయము. అందులో ఆమె నవ్వుతూనే కనిపిస్తుంది.