సైకిలెక్కి వచ్చిన ఫార్వర్డ్

ఫ్రాన్స్ ఫార్వర్డ్ అనగానే మా స్కూలు పిల్లల నోట ఒకటే పేరు, ఎంబాపే. 2022 ప్రపంచకప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టి కూడా కప్పు పోగొట్టుకున్నాడు కదా, అతని మీద వాళ్లకు అభిమానంతో పాటు జాలి కూడా. పారిస్ శివార్లలో బోండీ అనే మామూలు బస్తీలో పెరిగాడనీ, నాన్న అక్కడి క్లబ్బులోనే కోచ్ అనీ నాకు చెప్పేది వాళ్లే. నేను పీఈటీని. పాత నల్గొండ జిల్లాలో కోదాడ, మిర్యాలగూడ చూసొచ్చి ఇప్పుడు సూర్యాపేటలో ఉన్నా. వాళ్లు చెప్పిందంతా విని నేనొక ప్రశ్న వేస్తా: "ఒలింపిక్స్‌ల ఇదే ఫ్రాన్స్‌ను మనోళ్లు ఓడగొట్టినంత పని చేసిండ్రు, తెలుసారా?" "ఏ ఆటల సార్, హాకీలనా?" అంటారు.

హాకీ కాదు, ఫుట్‌బాలే. రోమ్ ఒలింపిక్స్, 1960 ఆగస్టు 29, ఇటలీలో గ్రోసెటో అనే ఊరు. పి.కె. బెనర్జీ గోల్‌తో మనవాళ్లు ముందున్నారు. 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. 1-1తో ముగిసింది. అంతకు మూడు రోజుల ముందు హంగరీ చేతిలో 1-2తో ఓడాం. ఆ హంగరీ తర్వాత కాంస్యం పట్టుకుపోయిన జట్టు. మూడో మ్యాచ్‌లో పెరూ 3-1తో గెలిచింది. హంగరీ మీద మన ఒక్క గోలూ, పెరూ మీద మన ఒక్క గోలూ ఒకడే కొట్టాడు. పేరు తులసీదాస్ బలరాం. ఊరు సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ.

తమిళ మూలాలున్న పేద కుటుంబం. కంటోన్మెంట్ పక్క ఊరు కాబట్టి పొద్దుగూకితే మిలిటరీ వాళ్లు బంతి ఆడటం చూస్తూ పెరిగాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లు తెచ్చుకుని, చెప్పులు కుట్టే ఆయన చేత ఆట బూట్లుగా మార్పించుకున్నానని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు. అప్పటి బూటు ఎట్లుండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. అడుగున తోలు బిళ్లలను మేకులతో కొట్టేవారు. ఆడగా ఆడగా బిళ్ల అరిగి, మేకు లోపలికి పొడుచుకొచ్చి అరికాల్లో దిగేది. ఆట మధ్యలో బయటికొచ్చి, రాయితో మేకును కొట్టుకుని మళ్లీ దిగాల్సిందే. వాన పడితే తోలు నీళ్లు తాగి బూటు బరువెక్కేది, బంతి ఇంకా బరువెక్కేది.

సికింద్రాబాద్‌లో ఆడుతుంటే అతన్ని పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్, భారత జట్టు కోచ్, అన్నిటికన్నా ముందు బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినాయన. మా జాతి మనిషి అని నేను గర్వంగా చెప్పుకుంటా. శిక్షణకు హైదరాబాద్ రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవని పిల్లవాడు చెప్పాడట. సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చాడని అంటారు. భారత ఫుట్‌బాల్ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఆ సైకిల్ అద్దే. ప్రతిభ గురించి అందరూ రాస్తారు. ఆ ప్రతిభ సాయంత్రం అయిదింటికి గ్రౌండుకు ఎట్లా చేరిందో ఎవరూ రాయరు.

చేరిన తర్వాత ఏం నేర్పాడన్నది ఇంకో ముచ్చట. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చింది వచ్చినట్టే పాస్ ఇవ్వాలి అనే నియమంతో రహీం పోటీలు పెట్టేవాడు. ఎడమ కాలితోనే ఆడాలి అనే పోటీలు కూడా ఉండేవి. మా గ్రౌండులో నేనూ అదే పెట్టాను. కుడి కాలితో తన్నితే ఫౌల్. మొదటి పావుగంట పిల్లలు కిందపడి నవ్వుకోవడమే సరిపోయింది. తర్వాత తమాషా జరిగింది. రోజూ బంతిని ఎవరికీ ఇవ్వని తొమ్మిదో తరగతి హీరోకు ఆ పూట పాస్ ఇవ్వక తప్పలేదు. కాలు సాగకపోతే తల ఎత్తి పక్కవాణ్ని చూస్తాడు, రహీంకు కావలసిందీ అదే.

ఫార్వర్డ్ అంటే గోల్ కొట్టేవాడే అని మనం అనుకుంటాం. ఆ రోజుల్లో ముందు వరుసలో అయిదుగురు ఉండేవారు. చివర్లలో ఇద్దరు, వాళ్లకు లోపలివైపు ఇద్దరు, నడుమ ఒకడు. బలరాం ఎడమ చివర ఆడాడు, లోపల ఆడాడు, నడుమా ఆడాడు. జట్టులో కుడివైపు పి.కె. బెనర్జీ, లోపల చునీ గోస్వామి స్థిరపడ్డారు కాబట్టి, మిగిలిన చోట సర్దుకుపోయింది బలరామే. సర్దుకుపోయేవాడికి పేరు తక్కువ వస్తుంది. బెనర్జీకీ గోస్వామికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకు 1962లో వచ్చిన అర్జునతోనే సరి. ఆ బాధను ఆయన దాచుకోలేదు కూడా.

హైదరాబాద్ అప్పుడు మామూలు ఊరు కాదు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడికి వెళ్లేనాటికి బలరాంకు ఇరవై ఏళ్లు. తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్ అతన్ని తీసుకుపోయింది. 1961లో ఆ క్లబ్బు కెప్టెన్, ఆ ఏడు కలకత్తా లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిందీ తనే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో దెబ్బతిన్నాం. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుంటూ ఫైనల్‌కు వస్తే మళ్లీ అదే కొరియా. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దించాడు. ఆ మనిషే ఒక గోల్ కొట్టాడు, ఇంకోటి బెనర్జీ. 2-1, స్వర్ణం. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను క్రీడలకు రానివ్వలేదని మన అధికారి ఒకరు తప్పుపట్టినందుకు, ఆ ఫైనల్లో స్టేడియమంతా మనకు ఎదురు తిరిగి అరిచింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. అదే 1963లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి బలరాం ఆట కూడా ముగిసింది. ఇరవై ఏడేళ్లు కూడా సరిగా నిండని వయసు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు.

రోమ్ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ఫ్రాన్స్ మాత్రం 1988లో క్లెయిర్‌ఫొంతైన్‌లో జాతీయ శిక్షణ కేంద్రం తెరిచింది. పదమూడేళ్ల పిల్లల్ని ఏరి, వారమంతా అక్కడే ఉంచి చదువూ ఆటా రెండూ చెప్పిస్తారు. శని, ఆదివారాలు ఇంటికి పోయి సొంత క్లబ్బుకు ఆడతారు. తియెరీ ఆన్రీ అక్కడినుంచి వచ్చినవాడే, ఎంబాపే కూడా. నాకు ఆ కేంద్రం కన్నా ఆ చిన్న క్లబ్బుల మీదే కన్ను. వారం వారం ఆడటానికి ఒక మ్యాచ్, అదీ ఇంటికి దగ్గరలో.

మనకు లేనిది అదే. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాదాపు 135 కిలోమీటర్లు, కోదాడ ఇంకా అవతల. అద్దె సైకిల్‌కు అందే దూరం కాదు. మా దగ్గర కబడ్డీకి కొదవ లేదు. 2021లో జాతీయ జూనియర్ పోటీలు సూర్యాపేటలోనే జరిగాయి. గ్యాలరీ కూలి జనం గాయపడటంతోనే ఆ సంగతి దేశానికి తెలిసింది, అది వేరే కథ. ఫుట్‌బాల్‌కు మాత్రం ఏటా ఒకరోజు సెలెక్షన్లు. ఆ తర్వాత బంతి బీరువాలోకి, గాలి దానంతటదే పోతుంది. మిర్యాలగూడలో ఉన్నప్పుడు వరి కోశాక మడుల్లో పిల్లలు ఆడేవారు, అదే వాళ్ల సీజన్. నీళ్లు వదిలారంటే సీజన్ అయిపోయినట్టే.

అలాగని చేతులు ముడుచుకోలేం. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఫార్వర్డ్‌గా భారత జట్టుకు ఎదిగింది. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది, ఆ తర్వాత బలరాం ఆడిన ఈస్ట్ బెంగాల్‌కే వచ్చి 2025లో జాతీయ మహిళా లీగ్ గెలిచిన జట్టులో నిలిచింది. మా చుట్టూ ఉన్న తండాల పిల్లలకు ఈ పేరు చెబితే, ఎంబాపే అన్నప్పటికన్నా ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. "మనోళ్లేనా సార్? ఆమెకు బూట్లు ఎవరిచ్చిండ్రు?"

కోదాడ, మిర్యాలగూడలో ఉన్న తోటి పీఈటీలతో మాట్లాడి పెట్టాను. మూడూళ్ల మధ్య ఒక లీగ్, నెలకు రెండు ఆదివారాలు, ఒక పూట మనమే వాళ్ల ఊరికి పోవడం, ఒక పూట వాళ్లు రావడం. కప్పు గిప్పు ఏమీ లేదు, అరటిపండూ గ్లూకోజ్ నీళ్లూ. లెక్కంతా చార్జీల దగ్గరే ఆగింది. చివరికి కోదాడ సారే దారి చూపాడు: ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చాలు. అందుకని ముందు అమ్మాయిల లీగ్ మొదలుపెడుతున్నాం. మగపిల్లల చార్జీలకు రైస్ మిల్లు యజమాని ఎవరైనా దొరుకుతారేమో మిర్యాలగూడ సార్ అడుగుతానన్నాడు.