మేక కూడా భౌభౌ ఎందుకయింది?

ఇంట్లో ఏడాదిన్నర పాపాయి ఉంటే గమనించండి. కుక్క భౌభౌ. మేకా భౌభౌనే, దూడా భౌభౌనే! నాలుగు కాళ్లు, తోక కనిపిస్తే చాలు, తనకొచ్చిన కొద్ది మాటల్లో దగ్గరగా ఉన్నది వాడేస్తుంది. అది తెలివితక్కువతనం కాదు. చాలాసార్లు "మేక ఏదమ్మా?" అంటే సరిగ్గానే చూపిస్తుంది. మాటే ఇంకా నోటికి రాలేదు.

నాలుగేళ్లకు చూపు లోతవుతుంది. 1986లో అమెరికా పరిశోధకులు సుసాన్ గెల్మన్, ఎలెన్ మార్క్‌మన్ పిల్లలకు ఒక ఫ్లెమింగో బొమ్మ, ఒక గబ్బిలం బొమ్మ చూపి, ఒక్కోదాని గురించి ఒక్కో కొత్త సంగతి చెప్పారు. తర్వాత అచ్చం గబ్బిలంలా కనిపించే నల్లపిట్ట బొమ్మ పెట్టి, "ఇదీ పక్షే. మరి దీని సంగతేమిటి?" అని అడిగారు. ఎక్కువమంది పక్షి గురించి విన్నదే దీనికీ చెప్పారు. రూపాన్ని కాదు, జాతిని నమ్మారన్నమాట! నాకు ఇది ఎంతో అబ్బురంగా తోస్తుంది.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే చెక్కపూసలతో చేసిన ప్రయోగంలో దాన్ని పట్టుకున్నాడు: భాగాన్నీ మొత్తాన్నీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం చాలామందికి ఏడెనిమిదేళ్లకు గానీ అలవడదు.

ఈ చిక్కును మీరూ చూడొచ్చు. అయిదు మామిడిపళ్లు, రెండు జామపళ్లు పెట్టి, "మామిడిపళ్లు ఎక్కువా, పళ్లు ఎక్కువా?" అని మీ అయిదేళ్ల తమ్ముణ్ణి అడగండి. "మామిడిపళ్లే" అంటే నవ్వకండి. ఎందుకో చెప్పమనండి.