ద్రవవాయువునకు ఓడ మేలా? లారీ మేలా?

భూగర్భమున దొరకు సహజవాయువును గొట్టముల గుండా దూరప్రదేశములకు పంపవచ్చును. కాని నడుమ మహాసముద్రము గాని, గొట్టము వేయని నేల గాని యున్నచో దానిని ద్రవముగా మార్చి, ఓడలపైనో లారీలపైనో పంపవలసి యుండును. వీనిలో నేది మేలో యిచ్చట విచారింతము.

మన వంటయిండ్ల సిలిండరులలోని వాయువు వేరు. అది ఒత్తిడి చేతనే ద్రవమగును. సహజవాయువున ముఖ్యభాగమైన మీథేను అట్లు లొంగదు. దానిని సున్నకు దిగువ 162 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లార్పవలెను. అప్పుడు సుమారు 600 ఘనపుటడుగుల వాయువు ఒక్క ఘనపుటడుగు ద్రవముగా నిముడును. ఆ చలికి సాధారణపు టుక్కు పెళుసెక్కి పగులును. కావున తొట్లను నికెలు కలిపిన యుక్కు మొదలగు లోహములతో చేసి, చుట్టును వేడిని చొరనీయని పొరలు కప్పుదురు.

1959వ సంవత్సరమున ‘మీథేన్ పయొనీర్’ అను నోడ అమెరికాలోని లూసియానా నుండి ఇంగ్లండునందలి కాన్వీ ద్వీపమునకు ఈ ద్రవమును క్షేమముగా చేర్చెను. 1964లో అల్జీరియా నుండి అచ్చటికే క్రమమైన వర్తకము ప్రారంభమయ్యెను. 2004లో కతారు దేశపు ద్రవవాయువు గుజరాతులోని దహేజ్ రేవున దిగెను.

నేటి పెద్ద యోడ సుమారు 1,74,000 ఘనమీటర్ల ద్రవమును మోయును. లారీ తొట్టిలో పట్టునది సుమారు 40 ఘనమీటర్లు. అనగా ఒక్క యోడ సరకును మోయుటకు నాలుగువేలకు పైగా లారీలు ఊళ్ల నడుమ, బడుల ముందు సాగిపోవలెను. దారిలో ఆవిరియగు కొంచెము వాయువును ఓడ తన యంత్రములకే యింధనముగా వాడుకొనగలదు.

అయినను ఓడ యొక్కటియే చాలదు. లోతైన రేవు, నిలువ తొట్లు, ద్రవమును మరల వాయువుగా మార్చు యంత్రములు, పిమ్మట గొట్టపుమార్గము కావలెను. కొచ్చిలో 2013లో దిగుమతి కేంద్రము వెలసెను. కాని మంగళూరు వరకు గొట్టపుమార్గము 2021లో ప్రారంభమగు దనుక దాని శక్తిలో స్వల్పభాగమే వినియోగపడెను.

నిలువచేయు చోటును గూర్చియు జాగ్రత్త యవసరము. 1944లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున, నివాసగృహముల చెంతనున్న తొట్టి పగిలి, ద్రవవాయువు మురుగుకాలువలలోనికి పాఱి యంటుకొనగా సుమారు 130 మంది మరణించిరి.

కావున మాకు తోచునది యిది: విశేషరాశిని దూరమునకు పంపుటకు సముద్రమే తగిన మార్గము, రేవునుండి గొట్టము చేరని చిన్న కర్మాగారమునకు లారీయే తగినది. ఏ మార్గమైనను, మొదట లెక్కింపవలసినది దారిప్రక్కల నివసించు జనుల క్షేమము. వ్యయమును పిదప లెక్కింపవచ్చును.